బిగిసిన బోల్టు వెనుకటి కథ

పాత మోటారుకారు ఇంటనున్నవారికి ఈ సంగతి చిరపరిచితమే. క్రొత్త భాగమును కొనితెచ్చుట ఒక పూట పని. చెడిన భాగమును ఊడదీయుట ఒక్కొక్కప్పుడు రెండు దినముల పని. క్రొత్త ఆల్టర్నేటరు బల్లపై మెరయుచు సిద్ధముగా నుండును. పాతదానిని ఇంజనునకు పట్టియుంచిన బోల్టు మాత్రము, జానెడు పొడవైనను లేనిది, నలుగురు మనుష్యులను నిలువబెట్టును.

ఇటీవల మేమొక షెడ్డులో ఇట్టి దృశ్యమునే చూచితిమి. బండి పాత అంబాసిడరు. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు నమూనాపై, హిందుస్థాన్ మోటార్సువారు 1950ల చివరినుండి 2014 వరకు కలకత్తా దాపుననున్న ఉత్తరపారాలో తయారుచేసిన జాతి అది. పూర్వము దానికి డైనమో ఉండెడిది. తరువాత నెవ్వరో దానిని తీసి ఆల్టర్నేటరును అమర్చిరి. ఇప్పుడా ఆల్టర్నేటరును చెడినది. క్రింది చెవిగుండా పోవు పొడవైన బోల్టు, నట్టు తీసినను, తన చోటునుండి కదలలేదు. కుఱ్ఱ పనివాడు పానాకు ఇనుప గొట్టము తొడిగి బలమంతయు పెట్టబోవుచుండగా ముసలి మేస్త్రీ చేయి అడ్డుపెట్టెను.

“ఆగరా అబ్బాయీ! బోల్టు విరిగితే ఒక పని రెండు పనులవుతుంది. బ్రాకెట్టు చెవి విరిగిందా, ఈ బండికి మళ్లీ ఎక్కడ తెస్తాం?”

“ఎంతసేపని చూస్తాం మేస్త్రీగారూ? బండాయన ప్రొద్దుటినుంచీ కూర్చునే ఉన్నారు.”

“కూర్చోనీరా. ఆ బోల్టు ఇరవై ఏళ్లుగా కూర్చుంది. దానికోసం మనం ఒక్క రాత్రి కూర్చోలేమా?”

ఆ మాట మమ్ము ఆలోచనలో పడవేసెను. ఎవ్వరును జిగురు పూయని చోట, ఎవ్వరును అతుకు వేయని చోట, ఉక్కు బోల్టు అల్యూమినియపు రంధ్రమున నెట్లు అతుకుకొనిపోయినది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు పోగా, ఆల్టర్నేటరు పుట్టుకయు, బోల్టు బిగియుటకుగల కారణమును, ఈ రెండు చరిత్రలును ఒకే యింటి గుమ్మమువద్ద కలిసికొనుట మాకు కనబడినది. ఆ యిల్లు లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషను.

ముందు యంత్రము సంగతి. 1831లో ఆ సంస్థలో పనిచేయుచున్న మైకేల్ ఫారడే, తీగచుట్ట చెంత అయస్కాంత ప్రభావము మారునప్పుడెల్ల ఆ తీగలో విద్యుత్తు పుట్టునని కనుగొనెను. మరుసటి యేడు పారిసులో హిప్పొలిట్ పిక్సీ అను పరికర నిర్మాత ఈ సూత్రముపై చేతితో త్రిప్పెడి యంత్రము నొకదానిని చేసెను. అందులో తీగచుట్టలు కదలక నిలుచును. వాని చెంత అయస్కాంతము తిరుగును. దానినుండి వచ్చిన విద్యుత్తు ఒకమారు ముందునకును, మరియొకమారు వెనుకకును ప్రవహించెను. ఆ దినములలో విద్యుత్తనగా బ్యాటరీనుండి ఒకే దిక్కున ప్రవహించునదియే. ఇటునటు ఊగులాడు విద్యుత్తుతో నేమి చేయవలయునో నాటివారికి తోచలేదు. ఆంపియరు సలహాపై పిక్సీ దానికి కమ్యుటేటరును, అనగా అరచుట్టు తిరిగినప్పుడెల్ల తీగల కొనలను మార్చి కలుపు సాధనమును, అమర్చి విద్యుత్తును ఒకే దారికి త్రిప్పెను. ఊగులాట ఒక లోపముగా ఎంచబడినది. నూటయిరువదియెనిమిది సంవత్సరముల తరువాత మోటారుకారు మరల ఆ లోపమునే కోరి తెచ్చుకొన్నది.

నడుమ జరిగినది క్లుప్తముగా చెప్పుకొందము. 1866, 1867 సంవత్సరములలో వెర్నర్ సీమెన్సు, వీట్‌స్టను, వార్లే అనువారు, శాశ్వత అయస్కాంతము లేకయే యంత్రము తన విద్యుత్తుతో తన అయస్కాంతమును తానే పోషించుకొనగల విధమును వేరువేరుగా చూపిరి. 1871లో జెనోబ్ గ్రామ్ తన డైనమోను పారిసు విజ్ఞాన పరిషత్తు ముందుంచెను. అయినను తొలి మోటారుకార్లకు దీనితో పనియే లేకుండెను. దీపములు నూనెతోనో, ఎసిటిలీన్ వాయువుతోనో వెలిగెడివి. ఇంజనును ముందున నిలిచి ఇనుప హ్యాండిలుతో త్రిప్పవలసియుండెను. ఆ హ్యాండిలు వెనుకకు తన్ని చేతులు విరిగినవారు ఎందరో కలరు. 1912 నాటి కాడిలాక్ కారునకు చార్లెస్ కెటరింగు సిద్ధపరచిన విద్యుత్ స్టార్టరు వచ్చుటతో ఈ బాధ తీరుటకు దారి ఏర్పడినది. స్టార్టరు కావలెనన్న బ్యాటరీ కావలెను; బ్యాటరీ నిలువవలెనన్న దానిని నింపు యంత్రము బండిలోనే ఉండవలెను. ఇట్లు డైనమో కారులోనికి ప్రవేశించినది.

డైనమో చాలకాలము నమ్మకముగా కొలువు చేసినది. కాని దానికొక స్వభావదోషము కలదు. విద్యుత్తు పుట్టు తీగచుట్టలే అందు తిరుగుచుండును. పుట్టిన విద్యుత్తంతయు కమ్యుటేటరుపై రాచుకొను బొగ్గు బ్రష్షులగుండా బయటికి రావలెను. మిక్కిలి వేగముగా త్రిప్పినచో తీగలు చెదరును, బ్రష్షులవద్ద నిప్పురవ్వలు లేచును. అందువలన దాని వేగమునకు హద్దు పెట్టవలసి వచ్చినది. ఆ హద్దు కారణముగా ఇంజను మెల్లగా తిరుగునప్పుడు డైనమో దాదాపు ఏమియు నీయదు. పాతకార్లు నడిపినవారికి ఇది గుర్తుండును: రాత్రివేళ రైలు గేటువద్ద బండి నిలిచినంతనే దీపములు ఎఱ్ఱబారును, గేటు తెఱచి ఇంజను వేగమందుకొన్న తరువాత గాని వానికి ప్రాణము రాదు.

ఆల్టర్నేటరు పిక్సీ తీరునకే మరలిపోయినది. అందులో అయస్కాంతము తిరుగును, తీగచుట్టలు నిలుచును. తిరుగు భాగమునకు పోవలసిన విద్యుత్తు రెండు మూడు ఆంపియర్లు మాత్రమే. కావున బ్రష్షులపై భారము లేదు; చిన్న పుల్లీ వేసి వేగముగా త్రిప్పవచ్చును; ఇంజను మెల్లగా నున్నప్పుడును అది కొంత యిచ్చుచునే యుండును. చిక్కంతయు ఊగులాడు విద్యుత్తును బ్యాటరీకి తగినట్లు ఒకే దారికి మరల్చుటలో నున్నది. పూర్వము ఆ పనికి సెలీనియము పలకలుండెడివి. అవి పెద్దవి, చోటు చాలదు. 1950లలో సిలికాను డయోడులు వృద్ధినొందినవి. బొటనవ్రేలి గోరంత వస్తువు, విద్యుత్తును ఒకవైపు పోనిచ్చును, రెండవవైపు పోనీయదు. అట్టి వానిని ఆరింటిని యంత్రము లోపలనే అమర్చిరి. 1960వ సంవత్సరపు నమూనాగా వచ్చిన వాలియంటు కారులో క్రైస్లరువారు ఆల్టర్నేటరును మామూలు సామగ్రిగా నిచ్చిరి. ఇంగ్లండులో ఎం.జి.బి. కారు 1967 చివర డైనమోను వదలి ఆల్టర్నేటరునకు మారినది. ఆ కారులోని లూకాస్ డైనమో 22 ఆంపియర్ల నీయగా, దాని స్థానమున వచ్చిన ఆల్టర్నేటరు 34 ఆంపియర్ల నిచ్చెను.

ఈ మార్పుతో మరియొక మార్పును వచ్చినది. డైనమో దేహము ఉక్కు గొట్టము. ఆల్టర్నేటరునకు ముందు వెనుక మూతలు రెండును అల్యూమినియపు పోతలు. డయోడులు వేడి నోర్వవు. అల్యూమినియము వేడిని త్వరగా వెలికి పంపును, తేలికగా నుండును. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో ఎరూ, ఒకరినొకరు ఎరుగకయే, విద్యుత్తుతో అల్యూమినియమును చౌకగా తీయు మార్గమును కనుగొనిరి. అంతకు పూర్వము వెలపెట్టి కొనుటకు ధనవంతులే జంకిన లోహము, అప్పటినుండి మూతలకును చెవులకును పోతపోయదగినంత సులభమైనది. ఆ చెవి రంధ్రముగుండా ఉక్కు బోల్టు దూరినది. మన కథలోని బిగింపు ఇక్కడనే మొదలగుచున్నది.

ఇప్పుడు రెండవ చరిత్రను చూతము. దానికొరకు మనము ఇంజనును విడిచి ఓడ ఎక్కవలెను. 1761లో ఆంగ్లేయ నౌకాదళమువారు అలారం అను యుద్ధనౌక అడుగునకు రాగిరేకులు తొడిగిరి. చెక్కను దొలుచు సముద్రపు పురుగులనుండి ఓడను కాపాడుట వారి తలంపు. ఓడ వెస్టిండీసు సముద్రములలో తిరిగి వచ్చిన పిమ్మట, 1763లో అడుగును పరీక్షించి చూడగా ఒక వింత కనబడినది. రాగి తాకిన చోటులలోని ఇనుప మేకులు తినివేయబడి కుళ్లిన చెక్కవలె నుండెను. కొన్ని మేకులు మాత్రము చెక్కు చెదరలేదు. విచారించగా, రాగిరేకులను చుట్టి తెచ్చిన గోధుమరంగు కాగితము ఆ మేకులవద్ద పొరపాటున మిగిలిపోయి, రాగికిని ఇనుమునకును నడుమ అడ్డుగా నిలిచినదని తేలెను. పనివాని అజాగ్రత్తయే ఆ మేకులను రక్షించినది!

రెండు లోహములు తాకరాదని నౌకాదళమునకు అర్థమైనది. ఎందుకు తాకరాదో అర్థము కాలేదు. అందులకు వారు గాల్వానీకొరకును, వోల్టాకొరకును వేచియుండవలసి వచ్చెను. కప్పకాలు రెండు లోహముల స్పర్శతో అదరుటను గాల్వానీ 1791లో ప్రకటించెను. రెండు వేరు లోహములును, వాని నడుమ ఉప్పునీటిలో తడిసిన గుడ్డయు చేరినచో విద్యుత్తు పుట్టునని వోల్టా 1800లో చూపెను. ఓడ అడుగున జరిగినదియు ఇదియే. రాగి, ఇనుము, ఉప్పునీరు కలిసి ఎవ్వరును కోరని బ్యాటరీగా మారినవి. ఆ బ్యాటరీ పనిచేయుటకు ఇనుము తన దేహమునే వెచ్చించినది.

1824లో రాయల్ ఇన్‌స్టిట్యూషనుతో పేరుపొందిన హంఫ్రీ డేవీ ఈ జ్ఞానమును త్రిప్పి ప్రయోగించెను. అప్పటికి రాగిరేకులే సముద్రములో అరిగిపోవుట నౌకాదళమునకు తలనొప్పిగా నుండెను. రాగికి ఇనుపముక్కనో, జింకు ముక్కనో తాకించి పెట్టినచో, ఆ ముక్క తాను తరుగుచు రాగిని కాపాడునని డేవీ చెప్పెను. అట్లే జరిగెను. కాని ఆ విజయమే ఓటమి యయ్యెను. రాగి కొంచెము కొంచెముగా కరగుట ఓడకంటుకొను నత్తలకును నాచునకును విషముగా నుండెడిది. రాగి కరగుట మానగా అవి గుంపులుగా వచ్చి అడుగును పట్టుకొన్నవి. ఓడల వేగము తగ్గిపోయినది. ఆ ప్రయత్నమును మానుకొనవలసి వచ్చెను. అయినను బలికి ఒక లోహము నిచ్చి మరియొక లోహమును కాపాడు ఉపాయము నశింపలేదు. ఇనుప ఓడలకును భూమిలోని గొట్టములకును నేటికిని అది రక్షగా నున్నది.

1813లో డేవీకి సహాయకుడుగా ఆ యింట చేరిన యువకుడే ఫారడే. లోహములు ఒకదానినొకటి ఎందుకు తినునో వివరించిన యింటిలోనే, ఏడు సంవత్సరముల వ్యవధిలో, ఆల్టర్నేటరునకు మూలమైన సూత్రమును వెలువడినది. షెడ్డులో మనలను నిలువబెట్టిన బోల్టునకు తల్లివైపునను తండ్రివైపునను చుట్టరికము అక్కడనే యున్నది.

అల్యూమినియము, ఉక్కు తడిలో తాకినచో తరిగిపోవునది అల్యూమినియము. దాని శరీరము తెల్లని పొడిగా మారును. ఆ పొడి, తాను పుట్టిన లోహముకన్న ఎక్కువ చోటు నాక్రమించును. బోల్టునకును రంధ్రమునకును నడుమనున్న వెండ్రుకవాసి సందులో అది నిండి, మేకు కొట్టినట్లు బిగియును. ఉక్కు తుప్పు దానికి తోడగును. విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము వంటి తీరపు ఊళ్లలో గాలియే ఉప్పును మోసితెచ్చును గనుక అక్కడి బండ్లకు ఈ జబ్బు త్వరగా వచ్చును. తక్కిన చోటులలో వానకాలపు బురదయే చాలును.

బిగింపునకు ప్రకృతి కారణము కాగా, దానిని చెరుపునకు దింపునది తరచుగా మన పానాయే. దీనికిని ఒక చరిత్ర కలదు. 1841లో జోసెఫ్ విట్‌వర్తు ఇంగ్లండులోని మరచుట్లన్నిటికిని ఒకే కొలతను ప్రతిపాదించెను. ఆ చుట్టు కోణము 55 డిగ్రీలు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్సు 60 డిగ్రీల కోణముతో వేరొక కొలతను పెట్టెను. రెండవ ప్రపంచయుద్ధములో ఒక దేశపు బోల్టు మరియొక దేశపు నట్టులో దూరక మిత్రరాజ్యములు పడిన పాట్లు, 1948 నవంబరులో బ్రిటను, అమెరికా, కెనడాలను ఒక ఒడంబడికకు తెచ్చినవి. తరువాత మెట్రిక్ కొలత వచ్చి అన్నిటిని త్రోసివేసెను. పాత బండిలో ఈ కాలములన్నియు ఒకదానిప్రక్క నొకటి కాపురముండును. అర అంగుళపు తలగల బోల్టు 12.7 మిల్లీమీటర్లు. మన పెట్టెలోని 13 నంబరు పానా దానికి పట్టినట్లే కనబడును. మామూలు బోల్టును అది త్రిప్పును గూడ. బిగిసిన బోల్టుపై మాత్రము ఆ పదింట మూడు వంతుల మిల్లీమీటరు సందే మూలలను అరగదీసి, తలను గుండ్రముగా చేయును. అటుపై ఏ పానాయు పనికిరాదు.

ఇక విడదీయు విధము. మేస్త్రీ చేసిన పనులను చేసిన వరుసలోనే చెప్పెదము. ప్రతి పనికిని మనము ఇంతవరకు చెప్పుకొన్న చరిత్రలో కారణము కలదు.

మొదట బ్యాటరీ తీగను విప్పవలెను. ఆల్టర్నేటరు వెనుకనున్న లావుపాటి తీగకు తాళము తీసియున్నను బ్యాటరీ బలము నేరుగా వచ్చుచుండును. పానా తగిలినచో నిప్పు లేచును. తీగలు ఏవి ఎక్కడనో వ్రాసికొని విప్పవలెను. ఆనాటి బ్రిటిషు కార్లు పెక్కింటిలో బ్యాటరీ ధనధ్రువము బండి దేహమునకు కలుపబడియుండెడిది. ఆల్టర్నేటరు వచ్చిన తరువాత ఋణధ్రువము కలుపుట వాడుకయైనది. తారుమారైనచో డయోడులు క్షణములో మాడిపోవును.

పిదప పై పట్టీ బోల్టును వదులుచేసి బెల్టు తీయవలెను. బిగిసిన బోల్టు రెండు కొనలను తీగబ్రష్షుతో రుద్ది, తుప్పు వదలించు నూనెను, అది లేనిచో కిరసనాయిలును, రెండు ప్రక్కలనుండియు పోయవలెను. పలుచని నూనె సన్నని సందులోనికి తనంత తాను ప్రాకిపోవును. కాని దానికి కాలమీయవలెను. మేస్త్రీ అడిగిన ఒక్క రాత్రి ఇందుకొరకే. ప్రతి గంటకును బోల్టు తలపై సుత్తితో చిన్న దెబ్బలు వేసినచో ఆ పొడి బీటలువారి నూనెకు దారి యిచ్చును.

మరునాడు ఆరు పట్టెలు సరిగా అంటుకొను పానాతో ముందు బిగించు దిక్కున వెండ్రుకవాసి కదల్చి, తరువాత విప్పు దిక్కునకు త్రిప్పవలెను. ఇటునటు, ఇటునటు, నూనె పోయుచు. అప్పటికిని కదలనిచో వేడి సాయము కోరవలెను. ఒక్కొక్క డిగ్రీకి అల్యూమినియము పదిలక్షలలో 23 వంతులును, ఉక్కు 12 వంతులును సాగును. ఎనిమిది మిల్లీమీటర్ల రంధ్రము నూరు డిగ్రీలు వేడెక్కినచో బోల్టుకన్న అది మిల్లీమీటరులో నూరవ వంతుకన్న తక్కువగానే ఎక్కువ విప్పారును. కంటికి కనబడని ఆ భేదము పొడి పట్టును సడలించుటకు చాలును. కాని పెట్రోలు గొట్టములు దాపుననే యుండును గనుక మంట పనికిరాదు. వేడిగాలి పరికరమో, మరిగిన నీటితో తడిపిన గుడ్డయో వాడవలెను.

త్రిప్పినప్పుడు తిరుగుచును బయటికి రాని బోల్టును సుత్తితో మోదుట అవివేకము. మరల కొన చితికి రంధ్రములో దూరదు. నట్టును కొనవరకు ఎక్కించి దానిపై కొట్టవలెను. అంతకన్న మేలైనది బిగింపు క్లాంపు. బోల్టు తలవైపు పెద్ద సాకెట్టు నొకదానిని ఆనించి, క్లాంపు మరను కొనవైపునుండి త్రిప్పినచో, తల మెల్లగా సాకెట్టులోనికి వచ్చును. సుత్తి దెబ్బకు పోత విరుగును. క్లాంపు ఒత్తిడి కొలతతో కూడినది. గోటితో పోవుదానికి గొడ్డలి యెందుకు?

ఏ ఉపాయమును పనిచేయనప్పుడు బలి తప్పదు. ఏది బలి కావలెనన్నదే ప్రశ్న. ఇంజనునకున్న బ్రాకెట్టు దొరకని వస్తువు. పాత ఆల్టర్నేటరు ఎట్లును తీసివేయవలసినది. కావున రెండింటి నడుమ సందులో రంపపు బ్లేడు దూర్చి బోల్టును కోయవలెను. అవసరమైనచో పాత ఆల్టర్నేటరు చెవినే కోయవలెను. జింకు ముక్క నిచ్చి రాగిని కాచిన డేవీ నీతి ఇక్కడను చెల్లును. గొట్టము తొడిగి బలముపెట్టువాడు ఈ ఎంపికను అదృష్టమునకు వదలుచున్నాడు. విరుగునది ఏదో తెలియునప్పటికి విరిగియే యుండును.

మరునాడు మేము షెడ్డునకు పోవునప్పటికి బోల్టు బల్లపై నుండెను. నడుమ భాగమంతయు తెల్లని పొడి. కుఱ్ఱవాడు క్రొత్త ఆల్టర్నేటరు వెనుక చెవిలోని ఉక్కు బుష్షును వ్రేలితో జరిపి చూచుచుండెను. అది జరుగునట్టిదై యుండవలెను. బిగిసియున్నచో బోల్టు బిగించునప్పుడు సందు పూడక, ఆ భారమంతయు చెవిపై పడి చెవి పగులును. మేస్త్రీ క్రొత్త బోల్టునకు గ్రీసు దట్టముగా పూయుచుండెను. అలారం ఓడ మేకులవద్ద నిలిచిన కాగితము మాకు జ్ఞప్తికి వచ్చినది. నాడు పొరపాటున మిగిలిన అడ్డును ఈయన తెలిసి పెట్టుచున్నాడు.

“బయటికి కనబడని చోట ఇంత గ్రీసు ఎందుకండీ మేస్త్రీగారూ?” అని కుఱ్ఱవాడడిగెను.

“ఇది మనకోసం కాదురా” అని ఆయన బోల్టును రంధ్రములో దూర్చుచు పలికెను. “ఇంకో ఇరవై ఏళ్లకు దీన్ని విప్పేవాడి కోసం. నువ్వే విప్పుతావేమో.”